కృష్ణా లోయలో సైకిలు యాత్ర



సాంఘికశాస్త్రం పరీక్షలో పటం ఇస్తే కృష్ణానదిని నీలి పెన్సిలుతో గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే మనమందరం. మహాబలేశ్వర్‌లో పుడుతుందని, సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుందని గడగడా అప్పజెప్పాం. కానీ ఆ నదిని కళ్ళారా చూసినవాళ్ళు మనలో ఎంతమంది? ఈ హాస్టల్లో ఐదేళ్ళు అన్నం తిని చదువుకున్న మేము నలుగురం పీజీలో చేరేదాకా చూడలేదు. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేదే మన నారాయణపేట జిల్లాలో, తంగడి దగ్గర. పట్నం నుంచి యాభై, అరవై కిలోమీటర్ల దూరం.

కిందటి సంక్రాంతి సెలవుల్లో నాలుగు సైకిళ్ళ మీద పోయి చూసొచ్చాం. మా తర్వాతివాళ్ళు కూడా పోవాలని, ఎట్లా పోవాలో, ఏం చూడాలో, ఆ దారి మాకేం నేర్పిందో ఇక్కడ రాస్తున్నాం.

లోయ అంటే ఏమిటి?

లోయ అనగానే సినిమా పాటల్లోని స్విట్జర్లాండే మన కళ్ళ ముందుకొస్తుంది. రెండు పక్కలా మంచు కొండలు, నడుమ పచ్చిక, నది. ఆల్ప్స్ పర్వతాల్లో ఆ లోయలను చెక్కింది పూర్వకాలపు హిమానీనదాలు. అంత బరువైన మంచు గడ్డలు కదులుతూ కొండను అరగదీయడం వల్ల లోయ అడుగు భాగం వెడల్పుగా, చదునుగా తయారైంది. నది, రోడ్డు, రైలు అన్నీ ఆ చదునులోనే పోతాయి. అందుకే అంతటి కొండల నడుమ కూడా మామూలు మనుషులు సైకిలు తొక్కగలుగుతున్నారు. ఉదాహరణకు ఇన్ అనే నది వెంట సైకిలు దారి స్విట్జర్లాండ్‌లోని మలోయా దగ్గర మొదలై, ఆస్ట్రియా మీదుగా జర్మనీలోని పస్సావ్ దాకా సుమారు 520 కిలోమీటర్లు పోతుంది. మలోయా ఎత్తు 1,815 మీటర్లు. పస్సావ్ ఎత్తు సుమారు 300 మీటర్లు. అక్కడివాళ్ళ సూత్రం ఒక్కటే: నది దిగే వైపుకు తొక్కాలి, ఎక్కే వైపుకు సైకిలుతో సహా రైలెక్కాలి.

మన లోయ అట్లా ఉండదు. మన కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గట్టి రాయి. ఎండకూ వానకూ అరిగి అరిగి నేల పళ్ళెంలా పరుచుకుంది. ఇక్కడ లోయ కంటికి కనిపించదు, కాళ్ళకు తెలుస్తుంది. ఇంకో తేడా కూడా ఉంది. ఆల్ప్స్ నదులు వేసవిలో మంచు కరిగి నిండుతాయి. మన కృష్ణ పడమటి కనుమల్లో వానలు పడ్డప్పుడు, జూలై నుంచి అక్టోబరు దాకా నిండుతుంది. మార్చి వచ్చేసరికి రాళ్ళు తేలుతాయి.

మన దారి

నారాయణపేట నుంచి ఊట్కూరు మీదుగా మక్తల్, అక్కడి నుంచి మాగనూరు, కృష్ణ. మొదట ఎర్ర చెలకలు, బండరాళ్ళ గుట్టలు. మాగనూరు దాటేకొద్దీ నల్లరేగడి, పత్తి, కంది కనిపిస్తాయి. మాటల్లో కన్నడం కలుస్తుంది. నేల రంగు, మాట రెండూ మారాయంటే నదికి దగ్గరైనట్టే.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అప్పుడు గాలి ఎక్కువగా ఈశాన్యం, తూర్పు వైపుల నుంచి వీస్తుంది. మనం పోయేది దక్షిణానికి కనుక పోయేటప్పుడు వీపున తోస్తుంది. వానాకాలం పోవద్దు. రేగడి మట్టి మడ్‌గార్డులో ఇరుక్కుంటే చక్రం తిరగదు, సైకిలు మోసుకొని నడవాల్సిందే.

గేర్ల సైకిలే కావాలని లేదు. మావి నాలుగూ పాతవే, ఒకటి పాలు పోసే బంధువు దగ్గర అడిగి తెచ్చుకున్నది. గంటకు 12 కిలోమీటర్ల లెక్కన, గంటకోసారి పది నిమిషాలు ఆగుతూ పోతే చాలు. బయలుదేరేముందు బ్రేక్ రబ్బర్లు మార్పించండి, చైనుకు నూనె వేయించండి. వెంట గాలి పంపు, పంక్చర్ సొల్యూషన్, ప్యాచులు, ఒక ట్యూబు, స్పానర్లు ఉండాలి. జొన్న రొట్టెలు, పల్లీల పొడి కట్టుకుంటే రెండు పూటలా పాడవవు. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు. దిగుడులో వెనుక బ్రేకు ముందు పట్టాలి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే బోర్లా పడతాం. ఎక్కుడులో దిగి నెట్టడానికి సిగ్గుపడకండి. హాస్టల్లో ఉన్నవాళ్ళు వార్డెన్ సారు అనుమతి తీసుకొని, ఒక పెద్దమనిషిని తోడు పెట్టుకొనే పోవాలి.

ఏం చూడాలి?

మొదటిది ముడుమాల్. కృష్ణా మండలంలో నది దగ్గరే ఉన్న ఊరు. అక్కడ పొలాల నడుమ నిలువురాళ్ళు ఉన్నాయి. కొన్ని 12 నుంచి 14 అడుగుల ఎత్తు. ఇనుప యుగపు మనుషులు నిలబెట్టినవి. ఒక రాతి మీద సప్తర్షి మండలంలా చిన్న చిన్న గుంటలు చెక్కి ఉన్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆచార్యులు కె.పి.రావు గారు వీటి మీద చాలాకాలం పరిశోధన చేశారు. 2025 మార్చిలో యునెస్కో తాత్కాలిక జాబితాలో ఇవి చేరాయి. వాటిని ముట్టుకొని పేర్లు చెక్కే పని మాత్రం చేయకండి.

రెండోది కృష్ణా స్టేషన్. బొంబాయి, మద్రాసుల నుంచి వేసుకుంటూ వచ్చిన రైలు పట్టాలు 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ లైను మీదిదే ఈ స్టేషన్. జక్లేర్ నుంచి మక్తల్ మీదుగా ఇక్కడికి వచ్చే కొత్త లైను 2023 అక్టోబరు 1న మొదలైంది. కనుక ఇప్పుడు ఆల్ప్స్ సూత్రం మనకూ పనికొస్తుంది. కృష్ణ దాకా తొక్కి, మక్తల్ దాకా రైల్లో రావచ్చు. అయితే అన్ని బండ్లలో సైకిలు ఎక్కించనివ్వరు. ఏ బండిలో కుదురుతుందో స్టేషన్లో ముందే అడగండి.

మూడోది తంగడి సంగమం. భీమాశంకర్‌లో పుట్టి 861 కిలోమీటర్లు ప్రవహించిన భీమా నది ఇక్కడ కృష్ణలో కలుస్తుంది. మేము గట్టున కూర్చొని రొట్టెలు తిన్నాం. ఎవరమూ చాలాసేపు మాట్లాడలేదు. ఒక్క హెచ్చరిక: నీళ్ళలో దిగకండి. అడుగున రాళ్ళు, గుంతలు కనిపించవు. కృష్ణ మీద ఎగువన నారాయణపూర్ డ్యాం ఉంది. గేట్లు ఎత్తితే ప్రవాహం ఉన్నట్టుండి పెరుగుతుంది. ఈతొచ్చినవాళ్ళు కూడా గట్టునే ఉండాలి.

తిరుగు దారి నేర్పింది

ఆ రోజు మాకు సైకిళ్ళతో బండి కుదరలేదు. తొక్కుకుంటూనే తిరిగొచ్చాం. పోయేటప్పుడు దిగుడని తెలియని దారి, వచ్చేటప్పుడు ఎక్కుడని అడుగడుగునా చెప్పింది. పైగా ఎదురుగాలి. చీకటిపడి మక్తల్‌లో బంధువుల ఇంట్లో పడుకొని మర్నాడు నారాయణపేట చేరాం.

మాలో ఒకరి నాయిన పాలమూరు లేబర్‌గా మేస్త్రి వెంట ఊళ్ళు తిరిగి డ్యాములు, కాలువలు కట్టినవాడు. "అందరికీ నీళ్ళు పారిచ్చినవు, మన చేనుకెందుకు రాలే నాయినా?" అని అడిగితే, "నీళ్ళు కింద, మనం మీద బిడ్డా" అనేవాడట. ఆ మాట మాకు మక్తల్ దారిలోనే అర్థమైంది.

ఇంటికొచ్చి లెక్క వేశాం. సులువుగా ఉండటానికి ఎత్తు వంద మీటర్లు అనుకుందాం. మనిషి, సైకిలు కలిపి 75 కిలోలు. ఆ బరువును వంద మీటర్లు ఎత్తడానికి పట్టే శక్తి 73,500 జౌళ్ళు, అంటే యూనిట్ కరెంటులో సుమారు యాభయ్యో వంతు. దానికే మాకు రొప్పు వచ్చింది. ఒక ఎకరంలో అడుగు లోతు నీళ్ళంటే 1,233 ఘనపు మీటర్లు, అంటే 1,233 టన్నులు. వాటిని వంద మీటర్లు ఎత్తాలంటే సుమారు 336 యూనిట్లు కావాలి. వరికి ఇంచుమించు నాలుగడుగుల నీళ్ళు కావాలి కనుక ఎకరానికి 1,300 యూనిట్ల పైమాటే. పంపుల్లో, కాలువల్లో పోయే నష్టం దీనికి అదనం. కందికి, జొన్నకు చాలా తక్కువ నీళ్ళు చాలు.

అంటే నీళ్ళు రావని కాదు. జూరాల వెనుక నీళ్ళను ఎత్తి మక్తల్ దగ్గరి సంగంబండకు పంపే రాజీవ్ భీమా ఎత్తిపోతల ఉండనే ఉంది. నారాయణపేట, కొడంగల్ ఎత్తిపోతలకు 2024 ఫిబ్రవరి 21న కోస్గిలో శంకుస్థాపన జరిగింది. అయితే ఎన్ని నీళ్ళు, ఎంత ఎత్తు, ఎంత కరెంటు, ఏ పంటకు, భూమి పోయినవాళ్ళకు ఏం దక్కుతుంది? ఈ ప్రశ్నలు మన ఇళ్ళలో మొదట అడగగలిగేది చదువుకున్న మనమే. మా నలుగురి ఇళ్ళలోనూ డిగ్రీ పట్టా చూసింది మాతోనే. నాయినలు కష్టంతో తెలుసుకున్న దాన్ని లెక్కతో చెప్పడం మన పని.

వచ్చే చలికాలం మీరూ పోయి రండి. మా గాలి పంపు, స్పానర్ల సంచి హాస్టల్లోనే ఇచ్చి పోతున్నాం. వాడుకొని, తర్వాతివాళ్ళ కోసం మళ్ళీ అక్కడే పెట్టండి.