పెద్ద సిలిండర్ వేస్తే స్కూటర్ ఎందుకు కాగిపోతుంది?

వేలూరు ఎండలు తెలుసు కదా పిల్లలూ, వేసవిలో 40 డిగ్రీలు దాటేస్తాయి. అంత ఎండలోనూ కనియంబాడి నుంచి వేలూరుకు హాయిగా వెళ్లొచ్చే పాత బజాజ్ చేతక్, వేగం కోసం పెద్ద సిలిండర్ వేయించాక సగం దారిలోనే ఆగిపోతే? ఎందుకలా?

నలుగురికి వండే వంటింట్లో పెళ్లివంటల గాడిపొయ్యి వెలిగించి, కిటికీ మాత్రం అదే చిన్నది ఉంచినట్టు! పెద్ద సిలిండర్‌లో పెట్రోలు ఎక్కువ మండి వేడి ఎక్కువ పుడుతుంది. చల్లార్చే ఫ్యాన్ మాత్రం పాతదే.

అసలు చిక్కు చాలాసార్లు కార్బ్యురేటర్ జెట్ దగ్గరుంటుంది. జెట్ అంటే పెట్రోలు వచ్చే సన్నని బెజ్జం. అది పాత సైజుదే అయితే పెద్ద సిలిండర్ పీల్చే గాలికి తగ్గ పెట్రోలు చాలదు, ఇంజన్ మరీ కాగుతుంది. పాత చేతక్ లాంటి టూ స్ట్రోక్ బళ్లలో ఆయిల్ కూడా పెట్రోలుతో కలిసే వస్తుంది. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గి, లోపల రాపిడి పెరుగుతుంది. పిస్టన్ సిలిండర్‌లో పట్టేసి బండి ఆగిపోయేది అందుకే.

ఎలా కనిపెట్టాలి? ఇంజన్ చల్లారాక స్పార్క్ ప్లగ్ విప్పి చూస్తారు. కొన గోధుమరంగులో ఉంటే మంచిదే. తెల్లగా పాలిపోయి ఉంటే పెద్ద జెట్ వేయాలి. సిలిండర్ మీది రేకు మూత వదులైనా ఫ్యాన్ గాలి పక్కకు పోయి ఇంజన్ కాగుతుంది. మెకానిక్ మామయ్య ప్లగ్ విప్పేటప్పుడు దాని రంగు అడిగి చూడండి, వేడి ఇంజన్‌ను మాత్రం ముట్టుకోకండి.