మీకు తెలుసా? క్రాసుకి నాలుగు వైపులా గ్రీజు రావాలి

గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు మోసే పికప్పుల్లో ఇంజను శక్తిని వెనక చక్రాలకు చేర్చేది ప్రొపెల్లర్ షాఫ్టే. దాని జాయింట్లలోని క్రాసుల నాలుగు చివర్ల కప్పుల్లో సన్నటి నీడిల్ బేరింగులుంటాయి. నల్లరేగడి బురదనీరు లోపలికి చేరితే తుప్పు ఖాయం. క్లచ్ వదలగానే 'టంగు'మంటే ముందు వీటినే అనుమానించాలి.

వీటికి ఎక్కువగా వాడేది ఎన్‌ఎల్‌జీఐ 2 లిథియం ఈపీ గ్రీజు. ఆ 2 చిక్కదనానికి గుర్తు, నాణ్యతకు కాదు! డబ్బాలో మిగిలింది కదాని వేరే రకం కలిపితే పల్చబడి కారిపోవచ్చు.

గ్రీజు కొట్టేముందు క్రాసు మీది నిపిల్ తుడవండి, లేకపోతే దానిమీది మట్టే లోపలికెళ్తుంది. నాలుగు కప్పుల దగ్గరా పాత నల్లగ్రీజు పోయి కొత్తది కనపడేదాకా గన్ను మెల్లగా కొట్టాలి. ఒకచోట రాకపోతే షాఫ్టును అటూఇటూ ఆడించి మళ్లీ కొట్టండి. నిపిల్ లేని సీల్డ్ క్రాసైతే, పాడైనప్పుడు మార్చడమే.