మీకు తెలుసా? ఎగిరే హీరో వెనక 133 తీగలు

తెర మీద హీరో గాల్లోకి లేచి తన్నాడంటే, నడుముకు కట్టిన పట్టీ నుంచి క్రేన్ దాకా ఒక ఉక్కు తాడు ఉన్నట్టే. షూటింగుల్లో దాన్ని రోప్ అంటారు. తర్వాత గ్రాఫిక్స్‌లో చెరిపేస్తారు కాబట్టి మనకు కనిపించదు. హైదరాబాద్‌లోని మధురానగర్, కృష్ణానగర్ సందుల్లో అద్దెకుండే ఎందరో ఫైటర్ల ప్రాణం మాత్రం దాని మీదే ఉంటుంది.

సన్నగా ఉండి సులువుగా వంగే రోప్ రకాల్లో ఒకటి 7×19. ఏడు పేటలు, పేటకు 19 తీగలు, మొత్తం 133. జింకు పూత పూసిన ఈ రకం 3.2 మిల్లీమీటర్ల మందమే ఉన్నా, కొత్తదైతే సుమారు 900 కిలోలు లాగేదాకా తెగదు. ఎనభై కిలోల మనిషికి అంత బలం దేనికంటే, ఎగిరినవాడు ఒక్కసారిగా ఆగినప్పుడు పడే కుదుపు అతని బరువును ఎంతో మించిపోతుంది. అందుకే మనుషుల్ని ఎత్తే తాడుకు పది రెట్ల బలం ఉండాలని నిపుణులు లెక్క కడతారు. ఇంకో మేలూ ఉంది. ఒంటి తీగ మీద చిన్న గాటు పడినా చెప్పాపెట్టకుండా తెగిపోతుంది. పేనిన తాడులో ఒకటి రెండు తీగలు పోయినా మిగతావి మోస్తాయి.

మరి ఎన్ని పోయాయో తెలిసేదెలా? లాగి తెంపి చూస్తే ఆ ముక్క బలం తెలుస్తుంది, కానీ ముక్క మిగలదు. తెంపకుండా చూసే పద్ధతుల్లో తేలికైనది గుడ్డ పరీక్ష. తాడు చుట్టూ గుడ్డ పెట్టి పొడవునా మెల్లగా లాగితే, తెగిన తీగ కొస దాన్ని పట్టేస్తుంది. మందం కొలిచినప్పుడు ఒకచోట సన్నబడిందంటే లోపలి పేట దెబ్బతిని ఉండొచ్చు. ఇలాంటి అనుమానం వచ్చిన రోప్‌ను పక్కన పెడితే చాలదు, ముక్కలుగా నరికెయ్యాలి. లేకపోతే మరో సెట్లో మరో మనిషికి కడతారు.

కప్పీ మీద పదేపదే వంగే తాడులో తీగలు లోపలే తెగుతుంటాయి. అక్కడికి కన్ను చేరదు, అయస్కాంతం చేరుతుంది. బలమైన అయస్కాంతాల మధ్య నుంచి తాడును నడిపిస్తే, తీగ తెగినచోట అయస్కాంత క్షేత్రం బయటికి లీకవుతుంది. సెన్సర్ దాన్ని పసిగడుతుంది. తుప్పు తినేసిన లోహం ఎంతో కూడా తెలుస్తుంది. 1834లో జర్మనీ గనుల కోసం విల్‌హెల్మ్ ఆల్బర్ట్ ఇనుప తీగల తాడు పేనాడు. ఈ అయస్కాంత పరీక్ష కూడా గనుల్లోనే ఎదిగింది. అయితే స్టెయిన్‌లెస్ స్టీల్ రోపుల్లో చాలా రకాలకు అయస్కాంతం సరిగా అంటదు, వాటికి ఈ పద్ధతి పనిచేయదు.

రాగికీ అంతే. మధురానగర్ స్టేషన్లో మెట్రోకు పైనుంచి 25,000 వోల్టుల కరెంటు అందించే తీగ అలాంటిదే. రైలు నెత్తిమీది పాంటోగ్రాఫ్ రాసుకుని రాసుకుని దాన్ని అరగదీస్తుంది కాబట్టి, ఇలాంటి తీగల్లో ఎంత మందం మిగిలిందన్నదే కీలకం. ఇక పగుళ్ల సంగతికొస్తే, ఫ్యాక్టరీలో రాగి తీగను కరెంటు పారే చుట్ట గుండా పోనిస్తే అందులో సుడి ప్రవాహాలు పుడతాయి. పగులున్నచోట ఆ సుడి చెదురుతుంది.

అదే మెట్రోలో మరికొన్ని స్టేషన్లు దాటితే దుర్గం చెరువు. అక్కడ 2020 సెప్టెంబర్ 25న ప్రారంభమైన తీగల వంతెనకు 56 కేబుళ్లున్నాయి. ఇలాంటి కేబుళ్ల బిగువును విప్పకుండానే కొలవచ్చు. వీణ తీగలాగే, బిగువు తగ్గితే కేబుల్ కంపించే వేగమూ తగ్గుతుంది. పైన బిగించిన చిన్న సెన్సర్‌కు ఆ లెక్క చాలు.