మ్రానును మన్ను చేయు శిలీంధ్రము

అడవిలో గాలివానకు కూలిన చెట్టును ఎవరును తీసికొనిపోకున్నను అది ఎల్లకాలము అట్లే పడియుండదు. మొదట బెరడు ఊడును. వానలు పడగానే మొద్దుపై విసనకఱ్ఱల వంటి పుట్టగొడుగులు లేచును. కొన్నియేండ్లకు, గొడ్డలికే లొంగని కట్టె వ్రేలితో నొక్కినంత మాత్రమున నలిగిపోవును. ఈ పనిని ప్రధానముగా చేయునవి శిలీంధ్రములు. పైకి కనబడు పుట్టగొడుగు వాని ఫలభాగము మాత్రమే. అసలు శరీరము నూలుపోగుకంటె ఎంతో సన్నని తంతువుల రూపమున కట్టె లోపల అల్లుకొనియుండును.

శిలీంధ్రములు ఈ పని మానివేసినచో ఏమగును? చెట్లు గాలినుండి గ్రహించిన కార్బను కట్టెలోనే చిక్కుపడిపోవును. మట్టినుండి పీల్చుకొన్న లవణములు మట్టికి తిరిగి రావు. కొత్త మొక్కలకు ఆహారము కొఱవడును. కట్టె కుళ్ళుట ఇంటి యజమానికి నష్టమే కాని అడవికి ప్రాణాధారము. ఇంత కఠినమైన పదార్థమును అంత మెత్తని జీవి ఎట్లు జీర్ణము చేసికొనుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు శాస్త్రజ్ఞులు ఒక శిలీంధ్రము యొక్క జన్యులిపిని చదువ పూనుకొనిరి.

కట్టెలో ఏమున్నది?

కట్టెలో ముఖ్యపదార్థములు మూడు: సెల్యులోజు, హెమిసెల్యులోజు, లిగ్నిన్. సెల్యులోజును 1838లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు ఆన్సెల్మ్ పాయెన్ వేరుచేసెను. గ్లూకోజు అణువులు దండలోని పూసలవలె వరుసగా చేరగా అది ఏర్పడును. దూదిలో ఇంచుమించు అంతయు ఇదియే. హెమిసెల్యులోజు వివిధములైన చక్కెరలతో ఏర్పడిన పొట్టి గొలుసు. ఈ రెండింటిలోను ఆహారమున్నది. కాని ఇనుపకడ్డీల చుట్టును కాంక్రీటు పోసినట్లు, వీని చుట్టును లిగ్నిన్ పట్టుకొనియుండును. కట్టె బరువులో సుమారు 20 నుండి 30 శాతము వరకు లిగ్నినే.

సాధారణముగా ఒక ఎంజైము ఒకే విధమైన రసాయన బంధమును త్రెంచును. అది తాళమునకు తగిన తాళపుచెవి వంటిది. సెల్యులోజులో ఒకే బంధము మరల మరల వచ్చును కనుక అచ్చట ఈ పద్ధతి చెల్లును. లిగ్నిన్ అట్టిది కాదు. బెంజీను వలయములుగల అణువులు నానాదిక్కులకు, నానావిధములుగా అతుకుకొనగా అది ఏర్పడినది. ఒకచోట నున్న అమరిక ప్రక్కన ఉండదు. పశువుల పొట్టలోని సూక్ష్మజీవులు గడ్డిలోని సెల్యులోజును జీర్ణము చేయగలిగినను, లిగ్నిన్ చాలవరకు పేడలో బయటికి వచ్చుచుండుటకు కారణమిదియే.

తెల్లకుళ్ళు రహస్యము

లిగ్నిన్‌ను పూర్తిగా విచ్ఛిన్నము చేయగల శిలీంధ్రములు కొన్ని కలవు. లిగ్నిన్ పోయిన కట్టె తెల్లబడి పీచువలె అగును గనుక దీనిని తెల్లకుళ్ళు అందురు. ఈ జాతులలో ఎక్కువగా పరిశోధింపబడినది ఫానెరోకీట్ క్రైసోస్పోరియమ్. ఇది 40 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కూడ చురుకుగా పెరుగును. 1983లో దీనినుండి లిగ్నిన్‌ను త్రెంచు ఎంజైమును అమెరికాలో రెండు బృందములు వేర్వేరుగా కనుగొనెను. ఒకటి మాడిసన్ నగరములోని ఫారెస్ట్ ప్రాడక్ట్స్ లాబొరేటరీలో కెంట్ కర్క్, మింగ్ టియెన్‌ల బృందము. రెండవది ఆరెగాన్ రాష్ట్రమున మైఖేల్ గోల్డ్ బృందము. ఆ ఎంజైమునకు లిగ్నిన్ పెరాక్సిడేసు అని పేరు.

ఈ ఎంజైము నడుమ హీము అను ఇనుప సమ్మేళనము కలదు. మన రక్తమునకు ఎఱుపు నిచ్చునది కూడ హీమే. శిలీంధ్రము తయారుచేయు హైడ్రోజన్ పెరాక్సైడు ఈ ఎంజైమునుండి రెండు ఎలక్ట్రానులను లాగుకొనును. ఎంజైము ఆ లోటును పూడ్చుకొనుటకై లిగ్నిన్ వలయములనుండి ఒక్కొక్క ఎలక్ట్రానును గుంజుకొనును. ఎలక్ట్రానును కోల్పోయిన వలయము నిలకడ తప్పును; దాని చుట్టునున్న బంధములు తమంతట తామే తెగును. ఇక తాళమునకు చెవి సరిపోవలసిన అవసరమే లేదు. ఒక విధముగా ఇది నిప్పు లేకుండ, మెల్లగా జరుగు దహనము.

ఇంకొక చిక్కు కలదు. ఎంజైము అణువు పెద్దది. గట్టి కట్టెలోని సూక్ష్మరంధ్రములలో దూరలేదు. అందుచే మాంగనీసు పెరాక్సిడేసు అను మరియొక ఎంజైము మాంగనీసు అయానులనుండి ఎలక్ట్రానులను తీసి పంపును. చిన్నవైన ఆ అయానులు కట్టెలోనికి చొచ్చుకొనిపోయి పని జరుపును.

ఇంత శ్రమపడి త్రెంచిన లిగ్నిన్ ఈ శిలీంధ్రమునకు ఆహారము కాదు. కేవలము లిగ్నిన్‌పై అది బ్రతుకలేదు. దాని వెనుకనున్న సెల్యులోజు కొఱకే ఈ గోడ పగులగొట్టుట. అదియును నత్రజని కొఱత ఏర్పడినప్పుడే ఈ ఎంజైములను విడుచును. కట్టెలో నత్రజని అత్యల్పము గనుక ఈ ఏర్పాటు దానికి తగియే యున్నది.

జన్యులిపిని చదువుట

ఇట్టి ఎంజైములు ఈ జీవియొద్ద ఎన్ని కలవు? ఒక్కొక్కదానిని వేరుచేయుచు పోయిన ఎన్నటికి తెమలును? ప్రతి ఎంజైము నిర్మాణమును జీవకణములోని డి.ఎన్.ఏ.లో వ్రాసియుండును. ఆ వ్రాత నాలుగే అక్షరములలో ఉండును: అడినీన్, థైమీన్, గ్వానీన్, సైటోసీన్. మొత్తము వ్రాతను చదివినచో జీవియొద్దనున్న పనిముట్ల జాబితా అంతయు ఒకేసారి దొరకును.

అయితే ఆనాటి యంత్రములు ఒకసారికి కొన్ని వందల అక్షరములను మాత్రమే చదువగలిగెడివి. అందుచే ఒక ఉపాయము పన్నిరి. ఒకే పుస్తకపు ప్రతులు పదింటిని ఇష్టము వచ్చినట్లు ముక్కలుగా చించితిమనుకొనుడు. ఒక ముక్క చివరనున్న మాటలే మరియొక ముక్క మొదటను ఉండును. ఆ మాటలను ఆనవాలు పట్టి ముక్కలను వరుసగా అతికించుకొనుచు పోయిన పుస్తకము తిరిగి తయారగును. డి.ఎన్.ఏ. విషయమున ఈ అతికించు పనిని కంప్యూటర్లు చేయును.

అమెరికా ఇంధనశాఖకు చెందిన జాయింట్ జీనోమ్ ఇన్‌స్టిట్యూట్ ఈ పద్ధతిలో ఫానెరోకీట్ జన్యులిపిని చదివెను. ఫలితములు 2004లో ప్రచురింపబడెను. పుట్టగొడుగుల వర్గమున జన్యులిపి వెల్లడియైన మొదటి జీవి ఇదియే. అందలి అక్షరములు సుమారు 3 కోట్లు. అనగా మానవుని లిపిలో నూఱవ వంతు. జన్యువులు మాత్రము పదివేలకు పైగా ఉన్నట్లు లెక్కతేలెను. వీనిలో లిగ్నిన్ పెరాక్సిడేసు జన్యువులు 10, మాంగనీసు పెరాక్సిడేసు జన్యువులు 5. చక్కెర గొలుసులపై పనిచేయు ఎంజైముల జన్యువులు 240కి పైగా కలవు.

లేని పనిముట్లు చెప్పిన పాఠము

2009లో పోస్టియా ప్లాసెంటా అను మరియొక శిలీంధ్రపు జన్యులిపి ప్రచురింపబడెను. ఇది గోధుమకుళ్ళు కలిగించును. ఇట్టి కట్టె గోధుమరంగు తిరిగి, ఘనాకారపు ముక్కలుగా పగులును. ఇది సెల్యులోజును అతివేగముగా తినివేయును గాని లిగ్నిన్‌ను చాలవరకు విడిచిపెట్టును. దీని జాబితా చూచినవారికి ఆశ్చర్యము కలిగెను. లిగ్నిన్ పెరాక్సిడేసు జన్యువులు లేవు సరే. సెల్యులోజు గొలుసును కొననుండి త్రెంచుకొనివచ్చు ముఖ్యమైన ఎంజైముల జన్యువులును లేవు!

మరి ఇది కట్టెనెట్లు కుళ్ళించుచున్నది? ఇనుప లవణమును హైడ్రోజన్ పెరాక్సైడుతో కలిపిన మిక్కిలి తీవ్రమైన చర్య జరుగునని 1894లో ఫెంటన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు వెల్లడించెను. ఆ చర్యలో పుట్టు హైడ్రాక్సిల్ రాడికల్ ఎదుటబడిన ప్రతి అణువును దెబ్బతీయును. గోధుమకుళ్ళు శిలీంధ్రము ఈ చర్యనే కట్టెలోపల నడపుచున్నదని జన్యులిపి ఇచ్చిన సూచనలు బలపఱచెను.

2012లో 31 శిలీంధ్రముల జన్యులిపులను పోల్చిచూచిరి. లిగ్నిన్‌ను త్రెంచు పెరాక్సిడేసులు సుమారు 29 కోట్ల సంవత్సరముల క్రిందట ఏర్పడెననియు, గోధుమకుళ్ళు జాతులు తెల్లకుళ్ళు పూర్వికులనుండి పుట్టి, ఆ జన్యువులను పోగొట్టుకొనెననియు తేలెను. విశేషమైన బొగ్గు నిక్షేపములు ఏర్పడిన కాలము ముగియుటకును ఈ శిలీంధ్రములు పుట్టుటకును సంబంధముండవచ్చునని కొందఱు ఊహించిరి. ఆనాటి తడి వాతావరణము, క్రుంగుచుండిన నేలలే బొగ్గునకు అసలు కారణములని 2016లో మరికొందఱు వాదించిరి.

ఈ విజ్ఞానమువలన ప్రయోజనములును కలవు. ఫానెరోకీట్ డి.డి.టి. వంటి మొండి విషములను కూడ విచ్ఛిన్నము చేయునని 1985లోనే ప్రయోగములు చూపెను. కాగితపు గుజ్జు తయారీ, గడ్డినుండి ఇంధనము తీయుట వంటి పనులలో లిగ్నిన్‌ను తొలగించుటయే పెద్ద అడ్డంకి. ఆ పనిని శిలీంధ్రము సాధారణమైన వేడిలోనే చేయుచున్నది.

అయితే పనిముట్ల జాబితా చేతికి వచ్చినంతమాత్రమున పనివాని నేర్పు తెలిసినట్లు కాదు. ఏ ఎంజైము ఎప్పుడు, ఏ వరుసలో పనిచేయుచున్నదో ప్రయోగశాలలో పరీక్షించియే తెలిసికొనవలెను. విద్యార్థులు ఈసారి కుళ్ళిన మొద్దు కనబడినప్పుడు దానిని విఱిచి చూడవచ్చును. తెల్లని పీచు కనబడినచో లిగ్నిన్ తరిగినదని, గోధుమరంగు ఘనములు కనబడినచో లిగ్నిన్ మిగిలినదని గ్రహింపవచ్చును. కోట్ల సంవత్సరముల క్రిందట వేఱుపడిన రెండు మార్గములు ఆ కట్టెముక్కలలోనే కనబడును.