రక్తములో ఉప్పు తగ్గుట – దాని కారణములు, కర్తవ్యము

వృద్ధులకు గాని దీర్ఘరోగులకు గాని నీరసము, వాంతులు, తలనొప్పి, మాట తడబాటు కలిగి, పరీక్షలో “ఉప్పు తగ్గినది” అని తేలినంతనే ఇంటివారు ఉప్పునీరు త్రాగించుట గ్రామములలో మేము చూచుచున్నాము. విరేచనములకు ఉప్పు, పంచదార కలిపిన నీరు మంచిదే. కాని హార్మోనుల దోషమున ఉప్పు తగ్గినపుడు కారణమెఱుగక చేసిన చికిత్స హాని చేయవచ్చును.

ఆరోగ్యవంతుల రక్తరసమున లీటరుకు 135 మొదలు 145 మిల్లీమోలుల సోడియము ఉండును. ఇది వేగముగా మిక్కిలి పడిపోయినచో మెదడు వాచి మూర్ఛలు వచ్చును.

మడిలో నీరు మితిమీఱినచో వేసిన ఎరువు పలుచనగును గదా! అట్లే పిట్యూటరీ గ్రంథినుండి వాసోప్రెస్సిన్ అను హార్మోను అనవసరముగా వెలువడినచో, మూత్రపిండములు నీటిని విడువక నిలుపుకొనును, రక్తము పలుచనగును. న్యుమోనియా, మెదడు జబ్బులు, ఊపిరితిత్తుల క్యాన్సరు, మూర్ఛకు వాడు కొన్ని మందులు దీనికి కారణములు. ఇందు ముఖ్య చికిత్స త్రాగునీటిని మితపఱచుట. వైద్యుని ఉత్తరువు లేక ఎవరును నీరు మానరాదు.

రెండవది గట్టు తెగి ఎరువు కొట్టుకొనిపోవుట వంటిది. అడ్రినల్ గ్రంథులు చెడినచో ఉప్పు మూత్రమున పోవును. 1855లో లండనునందు థామస్ ఆడిసన్ ఈ గ్రంథుల వ్యాధిని వర్ణించెను. క్షయ దీనికొక కారణము. చర్మము నల్లబడుట, బరువు తగ్గుట, లేచినపుడు కన్నులు తిరుగుట, ఉప్పుపై కోరిక దీని గుర్తులు. హైడ్రోకార్టిసోన్, ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్రలు జీవితాంతము వాడవలెను. జ్వరము వచ్చినపుడు హైడ్రోకార్టిసోన్ మోతాదు పెంచవలసియుండును; ఆ విధము ముందుగనే వైద్యునివలన తెలిసికొనవలెను.

మూడవది స్త్రీలకు సంబంధించినది. ప్రసవమున అధిక రక్తస్రావమైనచో పిట్యూటరీ గ్రంథి ఎండిపోవచ్చును. బిడ్డకు పాలు పడవు. నెలసరి తిరిగి రాదు. ఏండ్ల తరువాత ఉప్పు తగ్గి స్మృతి తప్పును. అట్టి తల్లిని “బలహీనత” యని ఇంట నుంచరాదు. కాన్పునాటి సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను.

కీళ్లనొప్పులకు స్టెరాయిడు మాత్రలు బహుకాలము వాడి హఠాత్తుగా మానుటయు అపాయమే, క్రమముగా తగ్గింపవలెను.

బహుదినములుగా తగ్గియున్న సోడియమును ఒక్కమాఱుగా పెంచినచో మెదడు నరములు చెడును. దినమునకు 8 లేక 10 మిల్లీమోలులకు మించకుండ వైద్యులు పెంచుదురు. కావున సెలైను త్వరగా ఎక్కింపుమని తొందరపెట్టకుడు. రోగి వాడు మందులన్నిటిని వెంట తీసికొని ఆసుపత్రికి పోవుడు.