గాలి పోతే కూలి పోయినట్టే!

కొలిమిగుండ్ల: ఎండ ముదరకముందే నాపరాయి గనికి చేరుకోవాలని సైకిలెక్కిన కూలీకి, దారి మధ్యలో వెనుక చక్రం తుస్సుమంటే ఆ పూట కూలి మీద ఆశ వదులుకోవలసిందే. షాపున్న ఊరిదాకా సైకిలు తోసుకుంటూ వెనక్కు నడవాలి. పంచరు వేయించుకుని వెళ్లేసరికి పని సగమై ఉంటుంది. అదే చక్రం మరునాడు మళ్లీ నేలకు అంటుకుంటే ముందు తిట్లు తినేది షాపువాడు, తర్వాత ట్యూబు. అసలు దొంగ మాత్రం టైరులోనే నక్కి ఉంటాడు.

మోటారు సైకిళ్లు ఎన్ని వచ్చినా సైకిలునే నమ్ముకున్నవారు ఈ పల్లెల్లో ఇంకా ఉన్నారు. సర్కారు కంప ముల్లు, పల్లేరు కాయ, నాపరాయి చెక్క - ఈ మూడూ వారి పాలిట శత్రువులు.

కంప మన చెట్టు కాదు. మధ్య, దక్షిణ అమెరికాలకు చెందినది. మద్రాసు రాజధానిలో అటవీ అధికారిగా ఉన్న కర్నల్ బెడ్డోమ్ 1876లో దీని విత్తనాల కోసం ప్రభుత్వానికి రాయగా, 1877లో మన పొరుగునే కడప జిల్లా కమలాపురంలో నాటారు. పొయ్యిలోకి కట్టె దొరికిన మాట నిజమే. దానితోపాటు ముల్లూ వచ్చింది. నేడు అది లేని చెరువు గట్టు గాని, రోడ్డు పక్క గాని కనబడదు. రోడ్డు పక్క కంప కొట్టినప్పుడు కొమ్మలు ఎత్తేస్తారు గాని రాలిన ముళ్లను ఊడ్చే నాథుడుండడు.

ఈ ముల్లు టైరులో దిగి అక్కడే విరుగుతుంది. పైకి కనబడదు. 28 అంగుళాల చక్రం కిలోమీటరుకు సుమారు 450 చుట్లు తిరుగుతుంది. అన్నిసార్లూ ముల్లు మొన ట్యూబును పొడుస్తూనే ఉంటుంది. ముల్లు తీయకుండా ఎన్ని అతుకులు వేసినా డబ్బు దండగే.

అందుకని ట్యూబు తీసేటప్పుడు అది ఏ వైపు ఉందో గుర్తుంచుకోవాలి. వాల్వు నుంచి చిల్లు ఎంత దూరంలో ఉందో కొలిచి, టైరులో అదే చోట వెతకాలి. వేలితో తడిమితే వేలికే గుచ్చుకుంటుంది. నూలుగుడ్డతో లోపలంతా తుడిస్తే దారం చిక్కుకున్న చోటే ముల్లు. పట్టకారుతో లాగేయాలి.

చిల్లు రిమ్ము వైపు ఉంటే తప్పు ముల్లుది కాదు. పుల్ల కొస పైకి పొడుచుకు వచ్చి ఉండాలి, లేదా రిమ్ము పట్టీ పక్కకు జరిగి ఉండాలి. పక్కపక్కనే రెండు గాట్లు పడితే గాలి తక్కువున్న చక్రం మీద బరువు మోశారన్నమాట. ఎక్కడా చిల్లు లేకుండా రాత్రికి రాత్రి గాలి దిగితే వాల్వు రబ్బరు మార్చి చూడాలి.

నాపరాయి చెక్క సంగతి వేరు. అది టైరునే కోస్తుంది. కోసిన చోట లోపల పాత టైరు ముక్కతో గేటరు వేయించకపోతే ట్యూబు ఆ సందులోంచి ఉబికి పేలుతుంది. అతుకు వేసేటప్పుడు మరో మాట. సొల్యూషన్ పూసి కాస్త ఆరనివ్వాలి. పనికి ఆలస్యమవుతోందని తొందరపెడితే తడి మీద అంటించిన అతుకు ఎండకు లేచిపోతుంది.

కంప కొట్టించేవారు కొమ్మలతోపాటు ముళ్లు కూడా అదేరోజు ఊడ్పించాలి. గనుల దారుల్లో గుంతలకు పోసే రాతి చెక్కల మీద రెండు ట్రాక్టర్ల మట్టి కప్పించినా సైకిళ్లవారికి సగం బాధ తప్పుతుంది.