బిలప్రవేశము: క్రొత్తవారికి కొన్ని మాటలు

శ్రీహరికోట ఇసుక దీవి. తూర్పున బంగాళాఖాతము, పడమట పులికాటు సరస్సు, నడుమ గాలియు అలలును పేర్చిన దిబ్బలు. అచట గోయి త్రవ్విన గోడలు విరిగిపడును. గుహ నిలుచుటకు గట్టి రాయి కావలెను; దానిని తొలుచుటకు నీటికి లక్షల ఏండ్ల తీరిక కావలెను. కావున, ఆకాశమునకు రాకెట్లను పంపు ఆ దీవిలోని మిత్రబృందమేదైన భూగర్భమును చూడగోరినచో, సూళ్ళూరుపేటలో రైలెక్కి, గూడూరు, రేణిగుంటల మీదుగా తాడిపత్రి చేరి, అచటినుండి సుమారు 30 కిలోమీటర్లు రోడ్డున పోవలెను. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలములోని బెలుం గుహలు క్రొత్తవారికి మంచి బడి.

ఈ గుహలను నిర్మించిన శిల్పి వాననీరే. మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని అది కొంచెము పులుసు గుణము పొందును; సున్నపురాతి బీటలలోనికి దిగి రాతిని కరగించును. బీట సందగును, సందు సొరంగమగును. పిదప పైకప్పునుండి జారు ప్రతి చుక్కయు రవ్వంత సున్నమును విడిచిపోవును. అదియే క్రిందికి వ్రేలాడు ఊడ, నేలనుండి లేచు లింగము. బెలుంలోని కోటిలింగాల గది ఇట్లేర్పడినదే. వీనిని తాకరాదు. చేతి జిడ్డు అంటినచోట సున్నము పేరుకొనుట ఆగిపోవచ్చును.

1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ గుహలను పరిశీలించెను. సుమారు నూరేండ్ల తరువాత, 1982, 83 సంవత్సరములలో, హెర్బర్ట్ డేనియల్ గెబౌర్ నాయకత్వమున జర్మను బృందము లోపల ప్రాకి కొలతలు తీసెను. మొత్తము పొడవు 3,229 మీటర్లు. నేడు అందులో ఇంచుమించు ఒకటిన్నర కిలోమీటరు మాత్రమే సందర్శకులకు తెరచియున్నది. విద్యుద్దీపములు, లోపలికి గాలి వచ్చు ఏర్పాటు కలవు. పాతాళగంగ వద్ద మనము ప్రవేశద్వారమునకు 46 మీటర్లు దిగువన ఉందుము. లోపల ఉక్క ఎక్కువ. నూలుబట్టలు, జారని బూట్లు మేలు. కంచె దాటి చీకటి భాగములోనికి పోవుట క్రొత్తవారి పని కాదు.

దీపములు లేని గుహలకు అనుభవజ్ఞుని వెంట పోవువారు మనిషికి మూడు దీపములుంచుకొందురు, తలకు హెల్మెట్టు పెట్టుకొందురు. నలుగురికి తక్కువగా పోరు. ఒకనికి దెబ్బ తగిలినచో ఒకరు తోడుండగా, ఇద్దరు సహాయమునకు పోవచ్చును గదా! ప్రతి మలుపున వెనుదిరిగి చూచుట వారి అలవాటు, ఏలనగా వచ్చిన దారి తిరిగిపోవునపుడు వేరుగా కనబడును.

పరికరములు అంగడిలో దొరకును. స్నేహితుల నడత దొరకదు. మన మిత్రబృందములలో జంకినవానిని ‘పిరికివాడా’ అని ఆటపట్టించుట వేడుక. నేలపై అది చెల్లును గాని, ఇరుకు సందులో ప్రమాదము. సిగ్గుపడి నోరు మెదపక ముందుకు దూరినవానికి ఊపిరి వేగము హెచ్చును. రొమ్ము పొంగి రాతికి మరింత ఒరయును. అప్పుడు కదలక, మెల్లగా గాలి వదలి, వెనుకకు జరుగవలెను. అంతకు ముందే ఒప్పందమొకటి చేసికొనుట ఉత్తమము: ఎవ్వరు ‘చాలు’ అన్నను, కారణమడుగక అందరును వెనుదిరుగవలెను. నడక యందరిలో నెమ్మదైనవాని నడకయే.

ఇక వాన. 2018 జూన్ 23న థాయిలాండులోని థామ్ లువాంగ్ గుహలోనికి ఫుట్‌బాలు ఆడు 12 మంది బాలురు, వారి శిక్షకుడు ప్రవేశించిరి. వాన కురిసి నీరు దారిని మూసివేసెను. గుహద్వారము వద్ద విడిచిన సైకిళ్ళే వారి జాడ తెలిపినవి. జూలై 10 నాటికి అందరును వెలికి వచ్చిరి గాని, తోడ్పడబోయిన సమన్ గునాన్ అను గజఈతగాడు ప్రాణము కోల్పోయెను. పైన మబ్బు పట్టినపుడు లోపలివారికి తెలియదు; కావున వానకాలమున అట్టి గుహల జోలికి పోరాదు.

సైకిళ్ళపై ఆధారపడుటకంటె, బయలుదేరుటకు ముందే ఏ గుహకు పోవుచున్నది, ఎందరు, ఎన్ని గంటలకు వెలికి వత్తురు, ఆలస్యమైనచో ఎవరికి తెలుపవలెను అను సంగతులను కాగితముపై వ్రాసి ఇంటివారికి ఇచ్చుట సులువు. వెలికి వచ్చిన వెంటనే, ఫలహారమునకు కూర్చుండుటకు ముందే, వారికి ఫోను చేయవలెను.